సోమవారం రాత్రి గ్రహణం

ఆ శనివారం ఇంట్లో ఉన్నవాళ్లు ఆరుగురు. ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో డాక్టర్ సూర్యప్రకాశరావుగారు. శివపార్వతి ఆయన్ని తాతా అని పిలుస్తుంది కానీ చుట్టరికమేమీ లేదు. వంటింట్లో ఆయన కూతురు ప్రసన్నలక్ష్మి ఆంటీ, తను డాక్టరుగా ఉన్న క్లినిక్‌కి సెలవైనా ఫోను చెవి దగ్గర్నుంచి దించకుండా. మేడ మీద అద్దెగదిలో, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న పార్వతి వాళ్లమ్మ లక్ష్మీకుమారి. కోవెంట్రీ నుంచి అప్పుడే కారు దిగిన పెద్దాయన కొడుకు రాజ్‌కిరణ్ అంకుల్, ఆయన కూతురు సిరి. ఇక పార్వతి. సిరి బూట్లు విప్పుకోవడానికి చోటు వదిలి, హాల్లో గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

సిరికి ఫిబ్రవరి సెలవులు. వారం రోజులు తాతయ్య దగ్గర ఉంటుంది. "హాయ్ పార్వతీ, యూ లుక్ సో నైస్" అంటూ వచ్చి కౌగిలించుకుంది. పార్వతికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఈలోగా సిరి ముందుగదిలోకి వెళ్లిపోయి, కుర్చీ చేతి మీద కూర్చుని, పెద్దాయన బట్టతల మీద ముద్దు పెట్టేసింది. ఏడాదిగా రోజూ ఆ కుర్చీకి మూరెడు దూరంలో కూర్చుంటోంది పార్వతి. ఒక్కసారి కూడా ఆయన చెయ్యి తాకలేదు.

స్కూలు నుంచి వచ్చి యూనిఫాం మార్చుకోగానే ఆమెకు ఒక పని ఉంది. పెద్దాయనకు చూపు నడుమనుంచి పోయింది. అంచులు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. మనిషి ముఖం చూడాలంటే తల పక్కకు తిప్పాలి. ఆ కళ్లతోనే ఆయన పుస్తకం తలపెట్టారు. మూడు వందల ఏళ్ల కిందట అనంతపురం సీమకు వచ్చిన ఫాదర్ లవాల్ అనే ఫ్రెంచి జెస్యూట్ పాద్రీ జీవితం అది. కావిగుడ్డ కట్టి, మాంసం మాని, చెప్పుల్లేకుండా ఊరూరూ తిరిగి మతం చెప్పినవాడు. రాత్రయితే చుక్కల లెక్కలు కట్టినవాడు. పెద్దాయన కళ్లు మూసుకుని చెబుతారు, పార్వతి రాస్తుంది. వాక్యం ముగిస్తే "చుక్క" అంటారు. మాట దొరక్కపోతే కళ్లజోడు డబ్బాతో బల్ల మీద కొడతారు. అప్పుడు కదలకూడదు, ఈ మాటేనా అని అందించకూడదు. అది ఆమె మొదటి వారంలోనే కనిపెట్టింది. టీకప్పు ఆయన కుడిచేతికి తగిలేటట్టు ఎక్కడ పెట్టాలో కూడా ఆమెకే తెలుసు.

నల్లపెన్నుతో పెద్దపెద్ద అక్షరాలు పేర్చినట్టు రాసేది. ఆయన కాగితాన్ని ముక్కుదాకా తెచ్చుకుని, తల వంచి, అక్షరాల అంచులు వెతుక్కుని, "ఈ ఇంట్లో తెలుగు రాసేది నువ్వొక్కదానివే పార్వతీ" అనేవారు.

నెలకోసారి శనివారం పూట స్టాన్‌మోర్ నుంచీ వాట్‌ఫర్డ్ నుంచీ ఆయన స్నేహితులు నలుగురైదుగురు వస్తారు. కొత్త అధ్యాయం వాళ్లకు పార్వతి చదివి వినిపిస్తుంది. తన ఇంగ్లీషు యాసకు భయపడి క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల, ఆ గదిలో మాత్రం ఎక్కడా తడబడదు. "ఆ ముక్క మళ్లీ చదువమ్మా" అని వాళ్లడిగితే మళ్లీ చదువుతుంది. వచ్చే శనివారం చదవాల్సింది గ్రహణం అధ్యాయం. నెలంతా దానికోసమే ఎదురుచూస్తోంది.

ఆ సాయంత్రం కాగితాలు, పెన్ను పట్టుకుని ముందుగదిలోకి వెళ్లేసరికి ఆమె కుర్చీలో సిరి కూర్చుని ఉంది. ఒళ్లో ఫాదర్ లవాల్ ఉత్తరాల నకళ్లు. ఆయన పారిస్‌కు రాసుకున్నవి, అన్నీ ఫ్రెంచిలో. పెద్దాయనకు ఫ్రెంచి రాదు. ఎవరో ఇంగ్లీషులో రాసిన చిన్న పుస్తకం పట్టుకునే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు. సిరి ఇంటర్ లాంటి ఎ-లెవెల్స్‌లో ఫ్రెంచి తీసుకుంది.

"తాతయ్యా, దిస్ ఈజ్ హిలేరియస్. పాండిచ్చేరి నుంచి టెలిస్కోప్ వచ్చిందంట. ద సోల్జర్స్ థాట్ ఇట్ వాజ్ ఎ కానన్."

"ఫిరంగి అనుకున్నారా?" పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగారు. "నా దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకంలో ఈ సంగతి లేదే. తర్వాత? తర్వాతేమైంది?"

ఆయన "తర్వాతేమైంది" అని అడగడం పార్వతి ఎప్పుడూ వినలేదు. ఈ కథలో ఏం జరిగినా ఆమెకు చెప్పేది ఆయనే.

"ఎవరూ, పార్వతేనా? ఇంకో కుర్చీ తెచ్చుకో అమ్మా."

భోజనాల బల్ల దగ్గర్నుంచి కుర్చీ తెచ్చుకుంది. దీపం వెలుగు అక్కడిదాకా రాలేదు. కాగితం ఒళ్లో పెట్టుకుని పెన్ను మూత తీసింది.

"ఓ, రాయక్కర్లేదు. పార్వతి కెన్ రెస్ట్," అంది సిరి. ఫోను బల్ల మీద పెట్టి, ల్యాప్‌టాప్ తెరిచి ఏదో నొక్కింది. "ఇప్పుడు చెప్పు తాతయ్యా. ఊరికే మాట్లాడు."

పెద్దాయన గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టారు. తెర మీద తెలుగక్షరాలు వాటంతటవే పుట్టుకొచ్చాయి. చీమలు బారు కట్టినట్టు, ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా. తప్పులున్నాయి. అయినా అవి అక్షరాలే. పార్వతి పెన్ను మూత పెట్టేసింది.

"తప్పులు పార్వతి దిద్దుతుందిలే," అన్నారు పెద్దాయన సంతోషంగా.

మరుసటి రోజూ అంతే, ఆ మరుసటి రోజూ అంతే. పార్వతి మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తప్పులు దిద్దుతుంది. గోడ అవతలనుంచి నవ్వులు వినిపిస్తుంటాయి. ఏ మాటకు నవ్వారో తెలియదు. సిరి ఇంట్లో ఎక్కడైనా కాళ్లు పైకి పెట్టుకుని కూర్చునేది. అరటిపండు తిని తొక్క తాతయ్య బల్ల మీదే వదిలేసేది. టీకప్పు ఆయన ఎడంపక్క పెట్టి, ఆయన చెయ్యి ఖాళీ బల్ల తడుముకుంటుంటే, "అయ్యో, సారీ సారీ" అని నవ్వేది. ఆయన కూడా నవ్వేవారు. ఆ తప్పు పార్వతి చేసి ఉంటే రెండు రోజులు నిద్ర పట్టేది కాదు. సిరి చెడ్డది అయితే బాగుండును. తన ఊలు టోపీ పార్వతికి ఇచ్చేసింది, "ఇట్స్ యువర్ కలర్" అని. ఆ టోపీ పార్వతి సూట్‌కేసు అడుగున పెట్టింది.

"ఏం మే, మొగం అట్ల మాడ్చుకోని తిరుగుతాండావు?" అంది లక్ష్మీకుమారి, డ్యూటీకి పోయేముందు జడ వేసుకుంటూ.

"నాకేమయింది? బాగానే ఉండా."

"వాళ్ల మనమరాలు వాళ్లింటికి వచ్చింది. నీ సొమ్మేం పోయింది?"

తన సొమ్మేదో పోయిందనే పార్వతికి గట్టిగా అనిపిస్తోంది.

బుధవారం సిరి గ్రహణం ఉత్తరం చదివింది. గోడ అవతలే ఉన్న పార్వతికి పెద్దాయన గొంతు పెరగడం, కుర్చీ జరగడం వినిపించాయి. రాళ్లదుర్గం పాళెగాడి సభలో ఫాదర్ లవాల్‌కూ ఆస్థాన జోస్యుడికీ పందెం పడింది. చంద్రగ్రహణం ఎప్పుడు పడుతుందో చెప్పాలి. ఫాదర్ కాగితం మీద లెక్క కట్టాడు. జోస్యుడు నేల మీద గవ్వలు పేర్చి, నోటితో పద్యాలు చదువుకుంటూ లెక్క కట్టాడు. ఫాదరే గెలిచాడని ఉత్తరంలో ఉంది.

గురువారం సాయంత్రం పెద్దాయన పార్వతిని పిలిచారు. సిరి ఆంటీతో కలిసి షాపింగుకు వెళ్లింది. గదిలో ఇద్దరే. పాత కుర్చీ ఖాళీగా ఉంది. పార్వతి అందులో కూర్చుని, తెర మీది వాక్యం పైకి చదువుతూ శుద్ధప్రతి రాయడం మొదలుపెట్టింది. పెద్దాయన కళ్లు మూసుకుని వింటున్నారు. వేడినీళ్ల గొట్టాలు టిక్కు టిక్కుమంటున్నాయి. అంతా మళ్లీ మునుపటిలా ఉన్నట్టనిపించి ఆమె గొంతు తేటపడింది.

"పార్వతీ, శనివారం నువ్వు చదవక్కర్లేదమ్మా," అన్నారాయన. "సిరి ఆ ఉత్తరం ఫ్రెంచిలో చదువుతుంది. వాళ్లెవరూ విని ఉండరు కదా. తెలుగు నేనే చెబుతాను, నాకు నోటికి వచ్చేసింది. ఈసారి నువ్వు హాయిగా కూర్చుని విను."

"సరే తాతా," అంది.

తరువాతి వాక్యం చదివింది. "గ్రహణం సోమవారమని జోస్యుడు చెప్పాడు. కాదు, మంగళవారమని ఫాదర్ చెప్పాడు. మంగళవారం తెల్లవారుజామున మూడు గంటలకు, పాళెగాడూ పరివారమూ కోట బురుజు మీద నిలబడి చూస్తుండగా చంద్రుడు రాగిచెంబులా ఎర్రబడ్డాడు. పరదేశి ముందు ఓడిపోయిన జోస్యుడు ఆనాటినుంచీ అసూయతో కుళ్లి, ఫాదర్‌ను ఊరినుంచి వెళ్లగొట్టించడానికి..."

ఆమె పెన్ను ఆగింది.

"ఏమైంది?" అన్నారు పెద్దాయన.

తెల్లవారకపోతే అది మంగళవారం ఎలా అవుతుంది? ఊళ్లో ఎవరైనా సోమవారం రాత్రి అనే అంటారు. పొద్దు పొడిస్తేగానీ వారం మారదు. జోస్యుడు చెప్పిన రాత్రీ, ఫాదర్ చెప్పిన రాత్రీ ఒకటే. ఇద్దరూ ఒకే గ్రహణాన్ని చెప్పారు. ఒకరు పొద్దుపొడుపు నుంచి రోజు లెక్కపెట్టారు, ఇంకొకరు నడిరేయి నుంచి లెక్కపెట్టారు. ఇందులో ఓడిందెవరు?

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వెనకే సిరి కూడా కళ్ల ముందుకు వచ్చింది. శనివారం, ఇదే కుర్చీలో, అందరి నడుమా, ఫ్రెంచి చదువుతూ.

"ఏం లేదు తాతా. పెన్ను సరిగ్గా రాయడం లేదు."

కాగితం మూల మీద రెండు గీతలు గీసి, మిగతా వాక్యం పూర్తిగా రాసింది. చేతిరాత ఎప్పటికంటే అందంగా వచ్చింది.

శుక్రవారం పొద్దున అమ్మ డ్యూటీ దిగి వచ్చి కాళ్లకు నూనె రాసుకుంటుంటే అడిగింది. "మా, నేను పుట్టింది ఏ వారం?"

"సోమవారం. అందుకే కదా శివుని పేరు పెట్టింది."

"సర్టిఫికెట్లో మంగళవారం తేదీ ఉందే?"

"ఆస్పత్రోళ్లు గడియారం జూసి రాస్తారు. నువ్వు పుట్టేటప్పటికి ఇంగా తెల్లారలేదు. తెల్లారనిది మంగళవారం ఎట్ల అయితాది? ఏంటికిప్పుడు?"

"ఊరికే."

కిందికి దిగేటప్పుడు మెట్ల మీద ఆగింది. ముందుగది తలుపు తీసే ఉంది. పెద్దాయన ఒక్కరే లోపల పచార్లు చేస్తూ అధ్యాయం వల్లె వేసుకుంటున్నారు. "అసూయతో కుళ్లి" అన్నచోట గొంతు హెచ్చించి చూశారు, మళ్లీ తగ్గించి చూశారు. నాలుగు మెట్లు దిగి చెబితే సరిపోతుంది. రాత్రంతా ఆమె ఊహించుకున్నది వేరు. శనివారం వచ్చే పెద్దవాళ్లలో ఎవరో ఒకరు ఈ తప్పు పట్టుకుంటారు. వాట్‌ఫర్డ్ విజయభాస్కర్ అంకుల్ తప్పకుండా పట్టుకుంటారు, ఆయన నోట ఎప్పుడూ తిథులూ నక్షత్రాలే. ఆ ఉత్తరం ఎవరు చదివారని అడుగుతారు. సిరి ముఖం ఎర్రబడుతుంది. తెలుగు రానిదాన్ని కూర్చోబెడితే ఇలాగే అవుతుందని ఎవరో అంటారు. అప్పుడు తాత తల పక్కకు తిప్పి, గదంతా వెతికి, పార్వతి ఏదీ అని అడుగుతారు.

ఆమె మెట్లు దిగి, తలుపు దాటి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం నలుగురు వచ్చారు. కోట్లు హాల్లో వేలాడదీసి, చేతులు రుద్దుకుంటూ ముందుగదిలో చేరారు. ఆంటీ మిరపకాయ బజ్జీలు వేస్తుంటే పార్వతి ప్లేట్లలో సర్ది అందిస్తోంది.

"ఏమ్మా, ఇవాళ నీ పఠనం లేదా?" అన్నారు విజయభాస్కర్.

"ఇవాళ ఫ్రెంచి ప్రోగ్రాం అంకుల్," అంది పార్వతి. నవ్వు కూడా చేర్చగలిగింది.

సిరి చదివింది. ఎవరికీ అర్థం కాలేదు, అందరికీ నచ్చింది. ఆమె తల వంచి చదువుతుంటే పెద్దాయన ఆమె వైపు చెవి పెట్టి, ఒక్కొక్క మాటకూ తల ఊపారు. తర్వాత ఆయన అందుకున్నారు. చూపు లేని మనిషి కోట బురుజునూ, కాగడాలనూ, నేల మీద గవ్వలనూ ఆ గదిలో నిలబెట్టేశారు. పార్వతి తలుపు దగ్గర ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడింది. ఇప్పుడే, ఇప్పుడే అనుకుంటోంది.

"...అసూయతో కుళ్లి," అన్నారు పెద్దాయన, గొంతు తగ్గించి.

"ఒక్క నిమిషం ప్రకాశం," అన్నారు విజయభాస్కర్. "గ్రహణం పట్టింది ఎన్నింటికన్నావు?"

"మంగళవారం తెల్లవారుజామున మూడింటికి."

"మరి అది సోమవారం రాత్రే కదయ్యా."

ఒకాయన బజ్జీ నమలడం ఆపేశారు.

"ఐ డోంట్ గెట్ ఇట్," అంది సిరి. "త్రీ ఎ.ఎం. ట్యూస్‌డే ఈజ్ ట్యూస్‌డే."

"నీకూ నాకూ అంతేనమ్మా. ఆ జోస్యుడి లెక్కలో సూర్యుడు వచ్చేదాకా సోమవారమే. ఆయన సరిగ్గానే చెప్పాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. పాపం, ఆయన్ని ఓడించి పారేశాడు మీ తాత." విజయభాస్కర్ నవ్వారు. "నాలుగు దశాబ్దాలు ఇక్కడి ఆస్పత్రుల్లో పనిచేశాడుగా. పన్నెండు కొట్టగానే తేదీ మార్చి కేసు షీటు రాసిన చెయ్యి. ఎక్కడికి పోతుంది?"

అందరూ నవ్వారు. మంచి నవ్వే. సిరి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓ మై గాడ్, సో హీ వాజ్ రైట్? పూర్ మ్యాన్. తాతయ్యా, వియ్ హావ్ టు ఫిక్స్ ఇట్." ఆమె ముఖం ఎర్రబడలేదు. తప్పు చేసినట్టు కూడా లేదు. అదొక కొత్త సంగతి ఆమెకు, అంతే.

పెద్దాయన నవ్వలేదు. టీకప్పు కోసం చెయ్యి చాచారు. కప్పు అక్కడ లేదు. చెయ్యి బల్ల అంచుదాకా పాకి, కాసేపు అక్కడే ఉండిపోయి, వెనక్కి వచ్చి ఒళ్లో పడింది. పార్వతి కప్పు జరపడానికి ఒక అడుగు వేసింది గానీ, అంతమంది నడుమనుంచి వెళ్లలేక ఆగిపోయింది.

వాళ్లు వెళ్లిపోయాక ప్లేట్లు ఏరుతుంటే ఆయన పిలిచారు. గదిలో ఆయన ఒక్కరే ఉన్నారు.

"గురువారం నీ పెన్ను ఆగింది," అన్నారు. "ఏమైందని అడిగాను."

పార్వతి ప్లేట్లు గుండెకు ఆనించుకుంది.

"అప్పుడే చూశావా?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. ఆయనకు ముఖం కనిపించదు. కానీ ఆయన తల పక్కకు తిప్పి, కంటి అంచుతో ఆమెను వెతుకుతున్నారు.

"చూసినా తాతా."

"నలుగురిలో నేను నవ్వులపాలైనందుకు కాదులే. రోజూ అవుతూనే ఉంటాను." ఆయన చేతివేళ్లు కళ్లజోడు డబ్బా మీద ఆగి ఉన్నాయి. కొట్టడం లేదు. "ఫాదర్ ఈ దేశానికి కొత్తగా వచ్చాడు, తెలియక రాశాడు. సిరికి తెలియదు. నేను మరిచిపోయాను. తెలిసినదానివి నువ్వొక్కదానివే. ఎప్పుడో చచ్చిపోయిన ఆ మనిషిని పట్టుకుని కుళ్లుబోతు అని రాశాను. ఆయన తరఫున మాట్లాడటానికి ఈ ఇంట్లో నువ్వు తప్ప ఇంకెవరున్నారు? నీ చేత్తోనే రాశావు కదమ్మా ఆ మాట."

ఆమెకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

"నేను రాస్తా తాతా. మళ్లీ అంతా రాసిస్తా. ఈ రాత్రికే రాసిస్తా."

ఆయన కళ్లు మూసుకున్నారు. మాట కోసం వెతుకుతున్నారనుకుని ఆమె అలవాటుగా కదలకుండా నిలబడింది.

"ఈ అధ్యాయం వద్దులే," అన్నారు చివరకు మెల్లగా. "వేరేవి ఉన్నాయి. తర్వాత చూద్దాం. సిరిని పిలు."

పిలవాల్సిన పని లేకుండా సిరే వచ్చింది, ఫోనూ ఉత్తరాలూ ఎత్తుకుని. కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "ఓకే తాతయ్యా, జోస్యుడికి జస్టిస్ చేద్దాం. వాట్ వాజ్ హిజ్ నేమ్?"

"ఫాదర్ ఆయన పేరు రాయలేదు."

"దట్స్ సో శాడ్."

పార్వతి గుమ్మం దాటి హాల్లోకి వచ్చింది గానీ పైకి వెళ్లలేకపోయింది. నేల మీద గవ్వలు ఎలా పేరుస్తారో, పొద్దు పొడవకముందు ఊళ్లో దాన్ని ఏమంటారో, వాళ్లు అడుగుతారేమో. అడిగితే చెప్పడానికి అక్కడే నిలబడింది. చేతిలో ప్లేట్లు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి.

సిరి లేచి వచ్చింది. "సారీ పార్వతీ, ఫోన్ అన్నీ వినేస్తుంది, ప్లేట్ల చప్పుడు కూడా," అంది గుసగుసగా, నిజంగానే నొచ్చుకుంటూ. ఆమె భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా ఒక అడుగు వెనక్కి జరిపి, తలుపు మూసేసింది.